దానంతటదే ఆగుతుంది

తెల్ల కారు సిగ్నల్ దాటేస్తుంది!

పంజాగుట్ట చౌరస్తా. దసరా సాయంత్రం. అప్పుడప్పుడే చీకటి పడుతోంది.

కారుకు ముందు పోతున్న ఆటో ఎడమకు, సోమాజిగూడ ఆస్పత్రి వైపు తిరుగుతుంది. ఆ ఆటోలో శ్రవణ్ తండ్రి ఉన్నాడు. నెత్తురోడుతూ...

ఆటో వెనకే రావాల్సిన తెల్ల కారు మాత్రం కుడికి తిరుగుతుంది.

"పారిపోతుండు. సురేందర్, పోనియ్" అంటాడు ఎస్సై శ్రవణ్.

కానిస్టేబుల్ సురేందర్ గేరు మారుస్తాడు. పోలీసు జీపు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. బానెట్ మీది బంతిపూల దండ తెగి అద్దానికి కొట్టుకుంటుంది.

"సార్, ముందుగాల ఆస్పత్రికి పోదామా? పెద్దాయన..."

"కారు వెనకాల పో."

"సార్..."

"పోనియ్యమన్న గదా."

రెండు నిమిషాల కిందట వచ్చిన ఫోన్ ఇంకా చెవిలోనే ఉంది. అమీర్‌పేటలో బాపు టైలర్ షాపు పక్కనే బట్టల దుకాణం నడిపే కనకయ్య, ఆటోలోంచి చేశాడు.

'శ్రవణ్, మీ బాపును కారు గుద్దింది. మీ బావ గిరిబాబు కారే. మీ అక్క, నేను బాపును ఆటోల తీస్కపోతున్నం. గిరిబాబు మా వెనకాల వస్తుండు. ఒక్క మాట చెప్త బిడ్డా... బ్రేకు సుత కొట్టలేదు. నా కండ్లతోని చూసిన. సీదా వచ్చి గుద్దిండు.'

బ్రేకు కొట్టలేదు.

శ్రవణ్‌కు మింగుడుపడనిది అదే. ఆ కారుకు అసలు బ్రేకు కొట్టే పనే లేదు. ఎదురుగా మనిషి కనిపిస్తే చాలు... దానంతటదే ఆగుతుంది!

నెల రోజులుగా ఆ గల్లీలో అదే తమాషా. గిరిబాబు అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెబుతాడు. ఈ ఎలక్ట్రిక్ కారు కొన్న రోజే మామను ఎదురుగా నిలబెట్టి, పెడల్స్ మీంచి కాలు తీసేసి, రెండు చేతులూ పైకెత్తి చూపించాడు. కారు మూరెడు దూరంలో టక్కున ఆగింది.

బాపు మార్కండేయ అరవై ఎనిమిదేళ్ల మనిషి. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

ఇక చూస్కో! అల్లుడి కారు గల్లీలోకి వచ్చిందంటే చాలు, మెడలో టేపుతో షాపులోంచి బయటికొచ్చి నడిమధ్యలో నిలబడేవాడు. చెయ్యి చాపి, "ఆగు" అనేవాడు. ఆగేది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లంతా నవ్వేవాళ్లు.

శ్రవణ్ వద్దనలేదు. పోలీసై ఉండి కూడా వీడియో తీసి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టుకున్నాడు.

ఎలా వద్దంటాడు? అక్క మంజుశ్రీ ఇంట్లో చెప్పకుండా గిరిబాబును పెళ్లి చేసుకుంది. నాలుగేళ్లు బాపు అల్లుణ్ని గడప తొక్కనివ్వలేదు. ఎదురైతే మొహం తిప్పుకున్నాడు. చివరికి వాళ్లిద్దరినీ కలిపింది ఆ కారే.

మరి ఇవాళ ఎందుకు ఆగలేదు?

గిరిబాబే ఒకసారి చెప్పాడు. 'ఎక్స్‌లేటర్ గట్టిగ తొక్కితే మాత్రం అది మన మాటే వింటది బామ్మర్ది. అప్పుడు ఆగదు.'

అంటే తొక్కాడు!

నాలుగేళ్ల అవమానాన్ని ఒక్క కాలితో తొక్కాడు. మెషిన్‌కు పగ ఎక్కడిది? మనిషికే ఉంటుంది. శ్రవణ్‌కు ఇంకో అనుమానం రాలేదు.

"సార్, బస్సు!"

సడన్ బ్రేక్. జీపు బస్సు వెనక ఇరుక్కుపోతుంది. సురేందర్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. బస్సు కదిలేసరికి ముందున్న రోడ్డు మీద స్కూటర్లున్నాయి, ఆటోలున్నాయి...

తెల్ల కారు లేదు.

ఫోన్ మోగుతుంది. అక్క.

"తమ్మి..."

"బాపు ఎట్లున్నడక్కా?"

వెనక ఎవరో స్ట్రెచర్ తోస్తున్న చప్పుడు.

"అక్కా."

"పోయిండు తమ్మి. లోపలికి సుత తీస్కపోలే. చెయ్యి వట్టి చూసి... లేడన్నరు."

శ్రవణ్‌కు రోడ్డు కనిపించడం లేదు. మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పుడు ఏడిస్తే వాడు తప్పించుకుంటాడు.

"నీ ఫోన్ల కారు యాప్ ఉన్నది గదా. బండి ఏడున్నదో చూడు."

"ఆయన మా వెనకాలనే..."

"వస్తలేడు. చూడు అక్కా."

ఒక క్షణం... రెండు... మంజుశ్రీ గొంతు మారిపోతుంది.

"పంజాగుట్టలనే ఉన్నది. ఇదివరకు పాఠాలు చెప్పిన బిల్డింగ్ కాడ. ఆడెందుకున్నడు తమ్మి? బాపును చంపుకొని ఆడేం చేస్తుండు?"

శ్రవణ్ దగ్గర జవాబుంది. అక్కకు చెప్పే ధైర్యం లేదు. ఫోన్ పెట్టేస్తాడు.

మూడో సందు. నాలుగంతస్తుల బిల్డింగ్. పండుగ కాబట్టి పైన అన్నీ తాళాలే. కింద సెల్లార్ షట్టర్ మాత్రం సగం లేచి ఉంది.

లోపల నీళ్ల చప్పుడు!

"కడుగుతుండు సార్" అంటాడు సురేందర్ మెల్లగా. "రక్తం కడుగుతుండు."

సాక్ష్యం! శ్రవణ్ పిస్టల్ తీస్తాడు.

పిడి మీద ఎర్రగా కుంకుమ బొట్టు. పొద్దున డ్యూటీకి బయల్దేరుతుంటే అవ్వ పెట్టింది. దసరా నాడు ఆ తల్లి పోశవ్వ చేతిలోంచి ఏదీ తప్పించుకోదు. కుట్టు మిషన్లు, కత్తెరలు, కొడుకు పిస్టల్, అల్లుడి కారు... దేన్నీ వదలదు.

షట్టర్ కింద నుంచి దూరతాడు. నీళ్ల చప్పుడు ఆగిపోతుంది. కారు తలుపు పడిన చప్పుడు.

భగ్గుమని హెడ్‌లైట్లు!

"దిగు" అంటాడు శ్రవణ్. పిస్టల్ అద్దం వైపే ఉంది. "దిగు బయటికి."

కారు కదులుతుంది.

చప్పుడు లేదు. ఇంజన్ ఉంటే కదా చప్పుడు! తెల్లటి వెలుగు మీదికి వస్తోంది. ఇరవై అడుగులు... పన్నెండు...

"సార్, పక్కకు జరుగుండ్రి!"

శ్రవణ్ జరగడు. బాపు జరగలేదు, తనెందుకు జరగాలి? వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తుంది. ఆరు అడుగులు... రెండో చెయ్యి తనకు తెలియకుండానే ముందుకు చాచుకుంటుంది.

"ఆగు!"

టక్.

కారు ఆగింది.

మోకాళ్లకు మూరెడు దూరంలో.

అద్దం వెనక గిరిబాబు. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. మొహమంతా కన్నీళ్లు.

సురేందర్ తలుపు లాగి, చొక్కా పట్టుకుని బయటికి ఈడుస్తాడు. గిరిబాబు వాడి మొహం కూడా చూడడు. శ్రవణ్‌నే చూస్తున్నాడు.

"ఇప్పుడు ఆగింది బామ్మర్ది. చూసినవా... ఇప్పుడు ఆగింది."

"నన్ను సుత చంపుదామనుకున్నవా?"

"నువ్వు కాలుస్తవనుకున్న" అంటాడు గిరిబాబు. "కాలుస్తే బాగుండు."

శ్రవణ్ బూట్ల కిందికి నీళ్లు పారుతున్నాయి. కిందికి చూస్తాడు.

ఎర్రగా లేవు.

పచ్చగా ఉన్నాయి.

బంపర్ వైపు చూస్తాడు. ఎడమ లైటు పక్కన బాపు నెత్తురు... చెక్కు చెదరలేదు. ఎండి అక్కడే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. కారు మొత్తంలో కడిగింది ఒక్కచోటే. ముందు జాలీ మధ్యలో, గుండ్రటి నల్ల బిళ్ల. అది ఒక్కటే తళతళలాడుతోంది.

పిస్టల్ కిందికి దిగుతుంది.

"ఏం కడిగినవ్?"

"అత్తమ్మ పెట్టిన బొట్టు."

శ్రవణ్‌కు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. గిరిబాబే చెప్పాడు, ఆగి ఆగి.

"నేనే చూపిచ్చిన శ్రవణ్. గిదే బండి కన్ను అత్తమ్మా, ముందర ఎవరున్నరో దీనితోనే చూస్తది అని. పొద్దున పూజ చేసుకుంట... కన్నుకే దిష్టి తగుల్తది అల్లుడా అని పసుపు మందంగ మెత్తింది. దాని మీద కుంకుమ. స్టార్ట్ చేస్తే స్క్రీన్ మీద వచ్చింది, సెన్సర్‌కు ఏదో అడ్డమున్నది, తుడువుమని. ఏందో నాకు తెలుసు. ఓకే నొక్కిన."

"తెలిసి తుడువలేదా?"

"ఎట్ల తుడుస్త? నాలుగేండ్లకు నన్ను అల్లుడా అన్నది. పండుగ పూట ఆమె పెట్టిన బొట్టు ఆమె కండ్ల ముందర తుడుస్తనా? పొద్దుమీకినంక కడుగుదాం అనుకున్న. మల్ల యాది మర్చిన."

సురేందర్ చొక్కా వదిలేశాడు.

"మామ వచ్చి నిలవడ్డడు. చెయ్యి చాపిండు. నవ్వుతుండు. నేను సుత రోజు లెక్కనే చేతులు లేపిన. ఆగుతదిలే అనుకున్న... ఆగుతదిలే అనుకుంటనే ఉన్న శ్రవణ్. బ్రేకు ఏడ వోయింది? జానెడు దూరంలనే ఉండె. నెల రోజుల సంది ఆ పని అదే చేస్తుంటే నా కాలు మర్చిపోయింది."

శ్రవణ్‌కు తన స్టేటస్ వీడియో గుర్తొస్తుంది. బాపు చప్పట్లు. వెనక తన నవ్వు.

"మరి ఆస్పత్రికి రాకుండ ఈడికెందుకొచ్చినవ్?"

"ఆడ సిగ్నల్ కాడ మల్ల గదే మెసేజ్ వచ్చింది. అప్పుడు సమజైంది. ఆస్పత్రి ముంగట బండి వెడితే మీరు పట్టుకపోతరు. ఆఫీసర్లొచ్చి చూస్తరు. బొట్టు వెట్టుడుతోని కారు ఆగలేదని రాస్తరు. టీవీల చెప్తరు. అత్తమ్మ వింటది. తన చేత్తోనే..."

కళ్లు తుడుచుకుని, ఆశగా తలెత్తాడు.

"మామ ఎట్లున్నడు?"

శ్రవణ్ టోపీ తీశాడు.

గిరిబాబు అలాగే చూశాడు. తర్వాత ఆ పచ్చని నీళ్లలో కూలబడ్డాడు.

సెల్లార్‌లో ఎక్కడో ట్యాప్ కారుతోంది. టప్... టప్...

"రాస్కో" అంటాడు గిరిబాబు. "ఫోన్ చూసుకుంట నడిపిన అని రాయి. సిస్టమ్ నేనే ఆఫ్ చేసిన అని రాయి. ఎన్నేండ్లన్న పడనీ. సంతకం పెడ్త. అత్తమ్మకు మాత్రం తెల్వనియ్యకు."

కారు లోపల అంతా రికార్డయ్యే ఉంటుంది. ఎన్ని గంటలకు హెచ్చరిక వచ్చింది, ఎవరు ఓకే నొక్కారు... అడిగితే అన్నీ చెబుతుంది. అడగకపోతే చెప్పదు.

అప్పుడే ఫోన్!

అవ్వ.

శ్రవణ్ ఫోన్ ఎత్తుతాడు. ఆ నిశ్శబ్దంలో పోశవ్వ గొంతు ముగ్గురికీ వినిపిస్తుంది. ఏడుపు లేదు. ఎండిపోయిన గొంతు.

"బిడ్డా, బాపు పోయిండంట గదా."

"అవ్వా..."

"నువ్వు బండి కాడ ఉన్నవా?"

"ఉన్న."

"నాకొక్కటి చెప్పు. పొద్దుగాల దాని కన్నుకు బొట్టు వెట్టిన. మంచిగ, మందంగ వెట్టిన. అది ఉండంగ ఆయనను ఎట్ల గుద్దుతది? జర చూడు బిడ్డా. నా బొట్టు ఉన్నదా, లేదా?"

శ్రవణ్ ఆ నల్ల బిళ్ల వైపు చూస్తాడు. అంచున ఇంకా సన్నటి పసుపు గీత ఒకటి మిగిలి ఉంది.

సురేందర్ కూడా చూశాడు. వంగి, పైపు అందుకుని, ఆ గీత మీదికి నీళ్లు వదిలాడు. గీత జారి మోరీలోకి పోయింది.

కింద కూర్చున్న గిరిబాబు రెండు చేతులూ జోడించాడు. చెప్పొద్దన్నట్టు తల ఊపుతున్నాడు.

"చెప్పు బిడ్డా."

"లేదవ్వా."

"లేదా?"

"బావ తుడిచేసిండు. పొద్దున్నే... నువ్వు ఇంట్లకు పోంగనే."



పోశవ్వ ఏడ్చింది. అంత ఏడుపు శ్రవణ్ ఎన్నడూ వినలేదు.

"అనుకున్న... నేను అనుకున్న బిడ్డా. నా బొట్టు తుడిచిండు వాడు. అందుకే గిట్లయింది. వాడు మల్ల మన గడప తొక్కొద్దు. మంజును సుత వాని దగ్గరికి పోనియ్యకు. నా మీద ఒట్టు."

"సరే అవ్వా" అన్నాడు శ్రవణ్.

ఫోన్ ఆగిపోయింది.

గిరిబాబు మెల్లగా లేచాడు. అంతా విన్నాడు. మొహంలో కోపం లేదు. దగ్గరికొచ్చి బేడీల కోసం రెండు చేతులూ ముందుకు చాపాడు.

"పోదాం పా బామ్మర్ది."

శ్రవణ్ ఆ చేతుల్ని చూశాడు. అరచేతులు, గోళ్ల సందులు... అంతా పచ్చగా ఉంది.

సురేందర్ దగ్గర పైపు తీసుకున్నాడు.

"చేతులు కడుక్కో బావా" అన్నాడు. "ఇంకా పసుపు ఉన్నది."