సున్నపు చుక్క

"ఇంత పొడుగుది నడుముకు కట్టుకుని గుహలో ఎలా పాకుతావురా?" అని తమ్ముణ్ణి నిలదీసింది మాణిక్యమ్మ.

కర్నూలు తుపాకుల కొట్టులో కోదండపాణి పొడుగు గొట్టం రివాల్వరు పట్టుకుని అద్దంలో తనను తాను చూసుకుని మురిసిపోతున్నాడు. గొట్టం కొసన గురిచూసే ముల్లు కోడిపుంజు జుట్టులా నిక్కి ఉంది. తండ్రి వదిలిపోయిన రాగి రేకు మీద నల్లమలలోని ఒక గుహ గుర్తులున్నాయి. అందులో బంగారం ఉందని ఆయన నమ్మకం; అక్కాతమ్ముళ్ళు బయల్దేరింది దానికోసమే. ఆ చుట్టుపక్కల ఎలుగుబంట్లున్నాయని మాత్రం ఊళ్ళవాళ్ళందరికీ తెలుసు.

మాణిక్యమ్మ అరచేతిలో ఇమిడే పొట్టి రివాల్వరు ఎంచుకుంది. దాని ముల్లు నున్నగా, దేనికీ తగులుకోకుండా ఉంది.

"ఇది దూరానికి పనికిరాదమ్మా. నాలుగడుగుల్లో ఉంటేనే కాల్చండి. చేతిని గట్టిగా తన్నుద్ది," అన్నాడు కొట్టు యజమాని మస్తాన్ సాహెబు.

"దూరంగా ఉన్నదాంతో నాకేం గొడవ? కానీ ఈ నల్ల ముల్లు చీకట్లో కనపడేదెలా?" అంటూ ఆమె తాంబూలపు పెట్టె తీసి, వేలితో సున్నం అద్ది ముల్లుకు చుక్క పెట్టింది.

కోదండపాణి పగలబడి నవ్వాడు. "ఎలుగుబంటికి తాంబూలం ఇస్తావేంటక్కా!"

నల్లమలలో ఆ గుహ ద్వారం మనిషి పాకేటంతే ఉంది. లోపల విశాలంగా ఉంది. కాగడా వెలుతురులో అవతలి గోడవార ఇత్తడి బిందెలు తళుక్కుమన్నాయి.

"అక్కా! దొరికాయే!" కోదండపాణి ఒళ్ళు మరిచి పరుగెత్తాడు. బిందెల పక్కనున్న నల్లటి కుప్ప గుర్రుమంటూ లేచింది.

అతను రివాల్వరు లాగాడు. రాలేదు! నిక్కిన ముల్లు నడుం పటకాలో చిక్కుకుంది. మళ్ళీ లాగేలోపే ఎలుగు అతన్ని కిందపడేసి భుజం కరిచింది.

"అక్కా! కాల్చు! కాల్చవే!"

ఎవర్ని కాల్చాలి? కాగడా ఆమె చేతిలోంచి జారి నేలమీద మినుకుమంటోంది. తమ్ముడూ మృగమూ ఒకే నల్లటి ముద్దగా దొర్లుతున్నారు. నాలుగడుగులు! పారిపొమ్మని ప్రాణం పోరుతుంటే మాణిక్యమ్మ ఆ ముద్దకేసి నడిచింది. వేడి ఊపిరి ముఖానికి తగిలేంత దగ్గరికి వెళ్ళింది. రివాల్వరు ఎత్తితే ముల్లు మీది తెల్లటి చుక్క ఎలుగు చెవి మొదలు మీదికొచ్చింది.

గుహంతా దద్దరిల్లింది. ఎలుగు ఒరిగిపోయింది. ఆ మోతకు పైకప్పు నుంచి రాళ్ళు రాలసాగాయి.

బిందెలు రెండు బారల దూరంలో ఉన్నాయి. ఆమె అటు చూసింది, చూడలేదని ఎలా అంటాం? తమ్ముడి నెత్తురు నేలమీద పారుతోంది. రివాల్వరు కొంగున దోపి, అతని చంకల కింద చేతులేసి ద్వారం వైపు ఈడ్చింది. ఇరుకులో అతను కదల్లేదు. పాడు ముల్లు మళ్ళీ రాతి పగులులో తగులుకుంది! పటకా ముడి విప్పి, ఆ అందాల రివాల్వరును అక్కడే వదిలేసింది. వాళ్ళు బయటపడగానే వెనక గుహ మూసుకుపోయింది.

ఆమె కొంగు చింపి భుజానికి కట్టింది. కోదండపాణి మూలిగాడు. "బిందెలు కనపడ్డాయి కదక్కా..."

"కనపడ్డాయి. ఉన్న రెండు చేతులూ నీకే సరిపోయాయిరా."

అతను మూసుకుపోయిన గుహ వైపు చూశాడు. "తాంబూలం ఉందా?" అన్నాడు చివరికి.

ఆమె పెట్టె తియ్యబోయింది. రివాల్వరు తన్నిన చెయ్యి మొద్దుబారి మూత రాలేదు. కోదండపాణి దెబ్బతగలని చేత్తో మూత తీసి, ఆకుకు సున్నం రాసి అక్క నోటికందించాడు.