నార్మన్ దిబ్బలో ఇనుప పెట్టె

కోదండం పటాన్ని మళ్లీ తలకిందులుగా పట్టుకున్నాడు. మోకాళ్ల దాకా తడిసిన గడ్డిలో నిలబడ్డ హైమవతి అది చూసి పళ్లు కొరుక్కుంది. వేల్స్ కొండల మధ్య ఉన్న ఆ మట్టికోట కందకంలో ఉదయం నుంచి ఇది మూడో ప్రదక్షిణ.

తొమ్మిది వందల ఏళ్ల కిందట, ఫ్రాన్సు నుంచి దండెత్తి వచ్చిన నార్మన్ సైనికులు మట్టి పోసి తాటిచెట్టంత ఎత్తు లేపిన దిబ్బ అది. పైనున్న కొయ్య బురుజు ఎప్పుడో పోయింది; ఇప్పుడక్కడ గొర్రెలు మేస్తున్నాయి. కోట దొర తన వెండిని దిబ్బ కడుపులోనే దాచి పారిపోయాడని పాత పుస్తకాల దుకాణంలో దొరికిన పటం చెబుతోందట. విజయనగరం నుంచి ఇక్కడున్న అక్క హైమవతి ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన తమ్ముడికి అంతకంటే ఏం కావాలి? చూస్తే చూడండి గానీ, తవ్వితే పోలీసులొస్తారని పొలం యజమానురాలు గ్వెన్ ముందే హెచ్చరించింది.

తవ్వే పనే లేకపోయింది. వారం రోజుల వానకు ఉత్తరపు వాలు జారి, ముళ్లపొదల వెనక నల్లటి బిలం తెరుచుకుంది. హైమవతి వద్దనేలోగా కోదండం టార్చి పట్టుకుని పాక్కుంటూ లోపలికి దూరిపోయాడు. తిట్టుకుంటూనే ఆమె కూడా వెనక దూరింది.

లోపల కుళ్లిన దుంగలు కప్పును మోస్తున్నాయి. చివర, మట్టిలో సగం కూరుకుపోయి ఇనుప పట్టీల పెట్టె ఒకటి ఉంది. దాన్ని ఆనుకునే ఒక దుంగ నిలబడింది. కోదండం పెట్టెను గుంజాడు. మూత పగిలి వెండి నాణేలు మెరిశాయి. అంతలోనే దుంగ ఒరిగి, కప్పు నుంచి మట్టి ధారగా రాలింది. హైమవతి ఒక్క ఊపున వెళ్లి దుంగకు భుజం ఆనించింది.

"ఇంకొక్కపాలి లాగుతానక్కా, వచ్చేత్తాది," అన్నాడు కోదండం.

"నా భుజం ఆగట్లేదురా నాయనా," అంది ఆమె మెల్లగా.

అతడు టార్చి వెలుగులో అక్క ముఖం చూశాడు. చిన్నప్పటి నుంచీ ఆమె తిట్లు విన్నాడే గాని, ఆమె బతిమాలగా ఎన్నడూ వినలేదు. పెట్టె వదిలేశాడు. ఆమె పక్క నుంచి ఇవతలికి పాకి, ఆమె నడుం పట్టుకుని బిలం నోటి వైపు ఈడ్చాడు. ఇద్దరూ కందకంలోకి దొర్లిపడ్డారు. వెనక దిబ్బ వాలంతా ఉరిమినట్టు కూలి, బిలాన్ని పూడ్చేసింది.

ఆ చప్పుడుకు గ్వెన్ పరుగెత్తుకొచ్చింది. కోదండం జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ప్రభుత్వం వాళ్లకు కబురు పెడతాననీ, వాళ్లు వచ్చేదాకా తన పొలంలో ఎవరూ అడుగు పెట్టకూడదనీ ఆమె కచ్చితంగా చెప్పి వెళ్లిపోయింది.

"ఇంకెప్పుడైనా ఇలాంటివాటికి నన్ను పిలిచావో..." అంది హైమవతి, తమ్ముడి కళ్లలోని మట్టి తుడుస్తూ.

"పిలవనక్కా."

"పిలవకుండా ఎళ్లావో, నేనే పాతేస్తాను."