అమావాస్య నాడు కూడా ఖాళీ లేదు

"అన్నా, ముందు ఆ పూలు ఆపుతవా లేదా?"

టెంట్ హౌస్ ముందు పెద్ద వంట గంజులు తుడుస్తున్న బాలేష్ తలెత్తి చూశాడు. ఎవరో అమ్మాయి. కంపెనీ బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు ఇంకా ఊగుతోంది. చేతిలో గొడుగు ఉంది గానీ దాన్ని విప్పే ఓపిక కూడా లేనంత కోపంలో ఉంది. సన్నటి ఆషాఢం జల్లులో అలాగే తడుస్తూ నిలబడింది.

"ఏం పూలు మేడం? మేం పూల డెకరేషన్ చెయ్యం. టెంట్లు, కుర్చీలు, వంట సామాన్లు, గంతే."

"నీ వెబ్‌సైట్ల రాలే పూలు!"

బాలేష్ ముఖం వెలిగిపోయింది. వీడియోలు చూసి నేర్చుకుని, సొంతంగా తయారు చేసుకున్న వెబ్‌సైట్ అది. పేజీ తెరిస్తే చాలు, పైనుంచి మల్లెపూలు జలజలా రాలుతాయి. ఇబ్రహీంపట్నంలో ఇంకే టెంట్ హౌస్‌కూ అలాంటి సోకు లేదు.

"మంచిగున్నయా?" అన్నాడు ఆశగా.

"మస్తున్నయి! మా అక్క కొడుకు మొదటి పుట్టినరోజుకు కుర్చీల కోసమని నీ సైట్ తెరిచింది. నాలుగు పూలు రాలినయో లేదో, 'మీ ఫోన్‌లో వైరస్ ఉంది, వెంటనే ఇక్కడ నొక్కండి' అని ఎర్రగ వచ్చిందంట. ఎన్నిసార్లు మూసినా మళ్ళ వస్తుంది. బ్యాంకుల ఉన్నయన్నీ పోతయేమోనని పాపం, ఫోన్ తీసుకపోయి బియ్యం డ్రమ్ముల దాచిపెట్టింది."

"బియ్యంల పెడితే వైరస్ పోతదా?"

"పోదు. పిల్లగాడు ఫోన్ పట్టుకుంటే వానికి అంటుకుంటదేమోనని ఆమె భయం. నవ్వకు! పసిపిల్లగాని తల్లికి ఏది చూసినా భయమే. నీకేం తెలుసు?"

నవ్వు దాచుకోవడానికి బాలేష్ గంజులో తల పెట్టాడు. నవ్వు గంజులోంచి రెండింతలై వినిపించింది.

ఆమె పేరు సాయిశ్రీ. ఆదిభట్లలో వెబ్‌సైట్లు పరీక్షించే ఉద్యోగం. తిట్టి పోదామని వచ్చిన మనిషి, ఆ నవ్వుకు ఇంకా మండి, షాపులో ఉన్న కంప్యూటర్ ముందు తనే కూర్చుంది.

"ఈ పూల కోడ్ ఎక్కడిది?"

"ఏదో సైట్ల ఫ్రీ అని ఉంటే కాపీ కొట్టి పెట్టిన."

"పూలు నీ దగ్గర లేవు అన్నా. పేజీ తెరిచినప్పుడల్లా నీ సైట్ బయటి నుంచి ఎవని దగ్గర్నో స్క్రిప్ట్, అంటే ఒక చిన్న ప్రోగ్రాం, తెచ్చుకుంటుంది. వాడు మొదలు పూలే పంపిండు. ఇప్పుడు పూల ఎనుక ఇంకేందో పంపుతున్నడు."

"నేను రమ్మనలే గదా!"

"నువ్వే రమ్మన్నవ్. లగ్గాలల్ల చూడలేదా? ఎవడో ఒకడు తెల్లబట్టలేసుకొని వస్తడు. ఆడపిల్లోళ్ళు మొగపిల్లోళ్ళ చుట్టమనుకుంటరు. వాళ్ళేమో వీళ్ళ చుట్టమనుకుంటరు. వాడు కడుపునిండ తిని, పోతా పోతా చదివింపుల సంచి ఎత్తుకపోతడు."

బాలేష్ నవ్వు ఆగిపోయింది. అలాంటివాళ్ళను అతను చాలామందిని చూశాడు. ఒకసారైతే అలాంటివాడికి కుర్చీ కూడా తనే వేశాడు.

మర్నాటికి ఇంకో దెబ్బ పడింది. సైట్ తెరవబోతే పూలు లేవు, టెంట్లు లేవు. 'ఈ సైట్ ప్రమాదకరం' అంటూ బ్రౌజర్ పేజీ నిండా ఎర్రబోర్డు పెట్టేసింది. శ్రావణంలో లగ్గాలు మొదలవుతాయి. ఆ నెల బుకింగులు పోతే ఏడాదంతా గంజులు తుడుచుకుంటూ కూర్చోవలసిందే. బాలేష్ గొడుగు పట్టుకుని ఆదిభట్ల బస్సు వచ్చే చోటికి పోయి నిలబడ్డాడు.

సాయిశ్రీ బస్సు దిగింది, అతని ముఖం చూసింది. "ఆదివారం వస్త" అంది.

ఆ ఆదివారం వచ్చింది. ఆ పై ఆదివారం కూడా వచ్చింది.

"నా ఫోన్ల అన్ని స్క్రిప్ట్‌లు బంద్ పెట్టిన. ఇంక ఏ దొంగోడు రాడు" అన్నాడు బాలేష్ ఒక రోజు, గొప్పగా.

"బంద్ పెడితే ఏమైంది?"

"బ్యాంకు పేజీ తెల్లగైంది. కరెంటు బిల్లు కడదామంటే బటన్ నొక్కుడు పడ్తలేదు. మా అమ్మ తిడుతుంది."

సాయిశ్రీ పకపకా నవ్వింది. "గేటుకు తాళమేస్తే దొంగ రాడు, నిజమే. పెళ్ళికొడుకు గూడ రాడు."

"మరెట్ల?"

"గేటు కాడ నిలబడి చూసుకోవాలె. ఎవరితోని పని ఉన్నదో వాళ్ళనే రానియ్యాలె."

"నిన్ను రానిచ్చిన గదా."

"నేను అడగకుండనే వచ్చిన" అని ఆమె కీబోర్డు వైపు తిరిగింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. బాలేష్ ఆ చెవులనే చూస్తూ కూర్చున్నాడు.

ఆమె ఆ బయటి స్క్రిప్ట్‌ను పీకేసినప్పుడు, మల్లెపూలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. అప్పగింతలప్పుడు ఆడపిల్ల తండ్రి ముఖం ఎలా ఉంటుందో, బాలేష్ ముఖం అలా అయింది.

"గంత ఏడుపు ముఖమెందుకు? ఇటు చూడు. ఇంతకుముందు మెనూ తెరవాలన్నా, బొమ్మ జరగాలన్నా స్క్రిప్ట్ కావాల్సి వచ్చేది. ఇప్పటి బ్రౌజర్లు మస్తు నేర్చుకున్నయి. రంగులు, సైజులు రాసుకునే కాడనే నాలుగు ముక్కలు రాస్తే, బ్రౌజరే పూలు రాలుస్తది."

రాసింది. మల్లెపూలు మళ్ళీ రాలాయి. ఈసారి జలజలా కాదు, నెమ్మదిగా, గాలికి ఊగుతూ.

"బయటోడు లేడా?"

"లేడు. కాకుంటే పాత ఫోన్లల్ల పూలు కనపడయి. కనపడకున్నా కొంపేం మునగదు. నీ నంబర్ కనపడ్తది, టెంట్ల రేట్లు కనపడ్తయి."

చివరికి ఒక్క పనికి మాత్రం ఆమే చిన్న స్క్రిప్ట్ రాసింది. ఏ తారీఖు ఖాళీ, ఏది బుక్ అయిందో చూపే క్యాలెండర్ అది. బాలేష్ తన ఫోన్‌లో ఒక తారీఖు నొక్కితే చాలు, చూసేవాళ్ళందరికీ ఆ గడి అప్పటికప్పుడే ఎర్రబడుతుంది. "ఇది స్క్రిప్ట్ లేకుంట కాదు. కానీ నా చేత్తోని రాసిన. నీ సైట్‌ల నుంచి బయటికి పోదు" అంది.

కొద్ది రోజులకు బ్రౌజర్ ఎర్రబోర్డు తీసేసింది. ఫోన్లు మళ్ళీ మోగాయి. సాయిశ్రీ అక్క వైశాలి కొడుకు పుట్టినరోజుకు కుర్చీలు కూడా వచ్చాయి, ఆమె ఫోన్ బియ్యంలోంచి బయటికి వచ్చింది. పని అయిపోయింది. అయినా సాయిశ్రీ ఆదివారాలు ఏదో ఒకటి సరిచేయడానికి వస్తూనే ఉంది. 'అన్నా' అనడం ఎప్పుడో మానేసింది. ఏ రోజు మానేసిందో బాలేష్‌కు బాగా గుర్తు. అయినా నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకోవడం తప్ప అతను చేసిందేమీ లేదు.

అలా ఉండగా ఒక శనివారం సాయంత్రం సాయిశ్రీ వాళ్ళ నాన్న దశరథ షాపుకు వచ్చాడు.

"బాలేష్, ఇంటి ముందట టెంట్ వెయ్యాలె. చిన్నబిడ్డ వరపూజ. మహేశ్వరం సంబంధం. శ్రావణంల రెండో ఆదివారం అనుకుంటున్నం."

బాలేష్ చేతిలోని తాడు జారిపోయింది. "ఆ రోజు ఖాళీ లేదు కాకా."

"మూడో ఆదివారం?"

"అది గూడ లేదు."

"నడుమల బుధవారం?"

"బుధవారమైతే అసలే లేదు కాకా."

దశరథ గొణుక్కుంటూ ఇంటికి వెళ్ళి ఆ మాటే చెప్పాడు. వంటింట్లో ఉన్న సాయిశ్రీ చెవిన పడింది. మహేశ్వరం పిల్లగాడు పెళ్ళిచూపుల్లో ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. తనకు వద్దని చెప్పాలని ఆమెకు గొంతు దాకా ఉంది. కానీ మరి ఎవరు కావాలంటే ఏం చెప్పాలి? ఆ కావలసినవాడు ఇంతవరకూ ఒక్క మాట అనలేదు కదా! దిగులుగా ఫోన్ తీసి బాలేష్ సైట్ తెరిచింది.

రెండో ఆదివారం ఎర్రగా ఉంది. సరే. మూడోది ఎర్రగా ఉంది. ఆమె చూస్తుండగానే బుధవారం ఎర్రబడింది. గురువారం. శుక్రవారం. శ్రావణం మొత్తం అంటుకుంది, భాద్రపదంలోకి పాకింది. అమావాస్య కూడా ఎర్రబడింది!

"అక్కా, అమావాస్య నాడు ఎవరన్న లగ్గం పెట్టుకుంటరా?"

"పిచ్చిదానివా?" అంది వైశాలి, కొడుక్కి అన్నం పెడుతూ. "ఎందుకట్ల నవ్వుతున్నవ్? బాపు పరేషాన్‌ల ఉంటే!"

మర్నాడు పొద్దున్నే సాయిశ్రీ షాపు ముందు ప్రత్యక్షమైంది. వాన కాస్త తెరిపిచ్చింది. తడిసిన షామియానాను నాలుగు కర్రలకు కట్టి ఆరబెట్టాడు బాలేష్. ఆమెను చూడగానే దాని వెనక్కి తప్పుకున్నాడు.

"బయటికి రా. అమావాస్య నాడు ఎవరిది లగ్గం?"

షామియానా కొస కాస్త కదిలింది.

"మంచి సీజన్ల అన్ని తారీఖులు మూసుకుంటే నీకు గిరాకీ ఎట్ల వస్తది? దిమాక్ ఉన్నదా? మా బాపు ఇంకో టెంట్ హౌస్‌కు పోతే ఏం చేస్తవ్?"

"పోయినా దొరకది" అంది షామియానా.

"ఎందుకు?"

"అందరికీ ఫోన్ చేసి చెప్పిన. దశరథ కాకా వస్తే ఖాళీ లేదనుండ్రి అని. మన సంజీవకు, బొంగుళూరోళ్ళకు, మంగళ్‌పల్లోళ్ళకు."

"వాళ్ళు ఎందుకని అడగలేదా?"

"అడిగిండ్రు."

"ఏమని చెప్పినవ్?"

"ఉన్నదే చెప్పిన."

సాయిశ్రీ నడుము మీద చేతులు పెట్టుకుంది. "అంటే టెంటోళ్ళందరికీ తెలుసు, నాకు తప్ప!"

బాలేష్ మెల్లగా బయటికి వచ్చాడు. "నీకు తెలుసనుకున్న."

"తెలుసు. అయినా నీ నోటితోని వినాలని ఉండదా?"

అతను నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గేటు ముందు బండి ఆగింది. దశరథ దిగాడు. వెనుక సీటు మీంచి, తలకాయ వేలాడేసుకుని, ఇంకో టెంట్ హౌస్ యజమాని సంజీవ దిగాడు.

"పక్కింటి బుగ్గయ్య ఫోన్ చేస్తే ఖాళీ ఉన్నదంటరు. నేను చేస్తే లేదంటరు" అన్నాడు దశరథ. "ఈ సంజీవను పట్టుకొని జర గట్టిగ అడిగిన. అంతా చెప్పిండు."

"గట్టిగనే అడిగిండు అన్నా, ఏం చేయాలె" అన్నాడు సంజీవ.

"బాపు, నాకా మహేశ్వరం సంబంధం వద్దు" అంది సాయిశ్రీ ముందుకు వచ్చి. "నాకు బాలేష్..."

"నువ్వు ఆగు బిడ్డా. ఆడపిల్లవు నువ్వు చెప్తున్నవ్, వాడు షామియానా ఎనుక దాక్కున్నడు, దూరంకెళ్ళే చూసిన. కుర్చీలు దాచిపెట్టి పిల్లను ఆపుకుంటాననేటోడు రేపు కష్టమొస్తే ఎక్కడ దాక్కుంటడు?"

ఆ మాట బాలేష్‌కు సూటిగా తగిలింది. జేబులోంచి ఫోన్ తీశాడు. దశరథ ముందే, తను ఊరికే నొక్కిన ఎర్ర తారీఖులన్నీ ఒక్కొక్కటిగా విడిపించాడు.

"తప్పే చేసిన కాకా. మీరడిగిన తారీఖులన్నీ ఖాళీగనే ఉన్నయి. మీరు మహేశ్వరం సంబంధమే చేస్తనంటే టెంట్ నేనే వేస్త, మంచిగ వేస్త. కానీ ఒక్కసారి అడగకుంట వేస్తే బతికినంత కాలం మనసుల ఉంటది. సాయిశ్రీ అంటే నాకు పాణం. మీ బిడ్డను నాకియ్యుండ్రి."

దశరథ కూతురి వైపు చూశాడు. ఆమె కళ్ళనిండా నీళ్ళు, పెదవుల నిండా నవ్వు. ఆయన ఏదో అనబోయాడు.

అనేలోపే ఉరుము లేని వాన ధడధడా దిగింది.

"షామియానా!" అని అరిచాడు బాలేష్. ముగ్గురూ ఒక్కసారిగా పరుగెత్తారు. ఒక కొస బాలేష్ పట్టాడు, ఒకటి సాయిశ్రీ, ఒకటి సంజీవ. నాలుగో కొస ఊడి బురదలోకి జారుతోంది. దశరథ ఒక్క క్షణం అలాగే చూశాడు. తర్వాత చెప్పులు విడిచి, పంచె ఎగగట్టి, గబగబా వచ్చి ఆ కొస అందుకున్నాడు. నలుగురూ ఆ బరువైన గుడ్డను లోపలికి మోసుకొచ్చి, ఎదురెదురుగా నిలబడి మడత పెట్టారు. ప్రతి మడతకూ ఎవరో ఒకరి చేతులు ఇంకొకరి చేతులకు దగ్గరయ్యాయి.

"ఏం బాలేష్," అన్నాడు దశరథ, ముఖం మీది వాన తుడుచుకుంటూ, కోపంగా ఉన్నట్టు కనిపించాలని గట్టి ప్రయత్నం చేస్తూ. "లగ్గం నాడు పెళ్ళికొడుకే కుర్చీలు మోస్తనంటే మాత్రం నేను ఒప్పుకోను. వేరే టెంట్ చూసుకో."

బాలేష్‌కు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సాయిశ్రీకి ముందే అర్థమై, షామియానా మడతలో ముఖం దాచుకుంది.

"నా దగ్గర ఏ తారీఖైనా ఖాళీనే కాకా!" అన్నాడు సంజీవ.