ఆరు గంటల పెళ్ళి, ఒక్క డిస్కు

మా పెదనాన్న చోరోబెక్ నా పెళ్ళిని ఎనిమిది నెలలు తొక్కిపెట్టాడు. ఇందులో వాదించడానికేమీ లేదు.

మొదలు మా అన్న పెళ్ళి టేపుల దగ్గర. ఆరు గంటలు. వచ్చిన ప్రతివాడూ మైకు పట్టుకుని దీవించాడు. మూడు డిస్కుల్లో పెడితే హాయి. కానీ వెనక డిస్కులో పడ్డవాళ్ళు తమని తక్కువచేసి గుమ్మం పక్కన కూర్చోబెట్టినట్టేనని అలుగుతారు. అందుకని అంతా ఒక్కదాంట్లోనే పెట్టించమన్నాడు పెదనాన్న. పెట్టించాం. అంత కుక్కేసరికి బొమ్మ చెడి, వదిన మొహం ఇటుకల గోడలా వచ్చింది.

దెబ్బలాటకని నారిన్ బజారులో డిస్కుల కొట్టుకి వెళ్ళాను. టేపులు డిస్కుకెక్కించే పిల్ల బురుల్ పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చునుంది.

"మా వదినకి కళ్ళెక్కడున్నాయో చూపించు," అన్నాను.

"ఆరుగుర్ని ఒకే గుర్రమెక్కించి, గుర్రం నడవట్లేదని నన్ను తిడతావేంటి?"

రెండు గంటలకో డిస్కు కావాలంది. కాపీ కాదు, అసలు టేపులే తెమ్మంది. నిదానంగా రాయిస్తే గీతలు కూడా పోతాయంది. నేను రోజుకో టేపు పట్టుకెళ్ళాను. మూడోరోజు, అన్నీ ఒకేసారి మోసే బలం లేదా అని అడిగింది. లేదన్నాను. నవ్వలేదు. గింజల్లో సగం నా చేతిలో పోసింది.

అలకలకి కూడా మందు ఆమే చెప్పింది. డిస్కులకి అంకెలు వేయలేదు. మూడింటిలోనూ మొదట పెదనాన్న దీవెనే పెట్టింది.

చుట్టాలందరం కూర్చుని చూశాం. వదిన కనురెప్పలు లెక్కపెట్టొచ్చు. పెదనాన్న ఎడమ అరచెయ్యీ అంతే స్పష్టంగా ఉంది. అప్పటికప్పుడు నోట పుడుతుందని ముప్పై ఏళ్ళుగా చెప్పుకునే దీవెన, అందులో సిరాతో రాసుంది. మూడు డిస్కుల్లో మూడుసార్లు చూశాం. అత్తలు నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నారు.

అప్పటికే నేనూ బురుల్ పెళ్ళి చేసుకుందామనుకున్నాం. మా ఆనవాయితీ ప్రకారం పిల్లకి పెట్టే కమ్మలు పట్టుకుని బురుల్ ఇంటికెళ్ళి సంబంధం ఖాయం చేయాల్సింది ఆయనే. తనని నవ్వులపాలు చేసిన పిల్ల ఈ ఇంటికి రాదన్నాడు.

ఆ ఒక్క ముక్కా మసక చేయమని బురుల్‌ని బతిమాలాను.

"మంచి బొమ్మని నేను పాడుచేయను. మీ పెదనాన్ననే చెయ్యి కడుక్కోమను."

ఇద్దరూ మొండివాళ్ళే. మధ్యలో నేను ఎండిపోయాను. చలికాలం మొదట్లో వాళ్ళమ్మ వేరే సంబంధం చూస్తోందని తెలిసింది. ఆ వారమే బురుల్ నన్ను కొట్టుకి పిలిచి డిస్కు పెట్టింది. పెదనాన్నకి చెయ్యి లేదు, మొహం లేదు. తెల్ల టోపీ ఒక్కటే గడులు గడులుగా ఊగుతోంది.

"నువ్వేనా చేసింది?"

"నేనే. ఆయన దీవెన ఉన్న ఇరవై నిమిషాలకీ క్వాలిటీ చంపేశాను. ఇలాంటి పాడుపని ఎప్పుడూ చెయ్యలేదు. నీకోసం చేశాను, సరేనా? ఎవరితోనైనా అన్నావంటే కమ్మలు పీకి మొహాన కొడతాను."

పెదనాన్న అది చూసి, ఇదే సరైనదనీ ఇదివరకటివి చెడిపోయిన డిస్కులనీ చుట్టాలకి తేల్చేశాడు. ఆ ఆదివారమే కమ్మలు పట్టుకుని వెళ్ళాడు. ఆయన్ని నేను క్షమించలేదు.

పదహారేళ్ళు కాపురం చేశాం. బురుల్ పోయి రెండేళ్ళయింది. ఆమె వద్దన్న మాట ఇవాళ ఒక్కసారి చెప్పాను. ఇంకెప్పుడూ, ఎవరడిగినా చెప్పను.