కదలని ఎడమ చెయ్యి

ఉదయం ఎనిమిదింటికి ఫోటోగ్రాఫర్ల సంఘం సెక్రటరీ తన స్టూడియోలో, స్టూలు మీద ఫోటోకి కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చి ఉన్నాడు. కుడి కన్ను ఉండాల్సినచోట రంధ్రం. సొరుగులోని ప్రెస్ పాసుల్లో ఒకటి మాయం.

"లెన్స్ గొట్టంలో తుపాకీ దాచారు," అన్నాడు గూఢచారి విభాగం చీఫ్. "పదింటికి మీ అన్నయ్య ప్రెస్ మీట్‌లో విదేశీ ముఠా పేర్లు బయటపెడతాడు. చెప్పేలోపు లేపేస్తారు."

"ఆపెయ్యమనండి సార్."

"నువ్వే చెప్పి చూడు."

"నా మాట వాడెప్పుడు విన్నాడు?" అంది ఏజెంట్ సూది. అంత సన్నగా ఉంటుంది కాబట్టి ఆ పేరు.

హాలు గేటు దగ్గర నెమలి ఎదురైంది. మూడేళ్లుగా ముఠాలో ఉంటూ మనకు కబుర్లు చేరవేస్తున్న అందగత్తె. మెడలో పట్టు స్కార్ఫ్.

"వెలుతురు ఎలా ఉంది?"

"మబ్బు పట్టింది."

కోడ్ సరిపోయింది. "ఆటోఫోకస్ కెమెరా," నెమలి గుసగుసలాడింది. "ట్రిగ్గర్ ఆ మోటార్లోనే ఉంది. పాత మాన్యువల్ కెమెరాల జోలికెళ్లకు."

సూది నమ్మింది. ఆటోఫోకస్ కెమెరాలన్నీ గేటు దగ్గరే పెట్టించేసింది. ఫోటోగ్రాఫర్లు లబోదిబోమన్నారు. పాత కెమెరాలున్న అయిదుగురే లోపలికెళ్లారు.

మైకు మెకానిక్ వేషంలో సూది గోడవారగా నిలబడింది. అన్నయ్య తలుపు తీసుకుని, కుర్చీల మధ్య నుంచి నడిచి వస్తున్నాడు. అయిదు కెమెరాలు లేచాయి. నాలుగు ఎడమ చేతులు బిగుసుకున్న సీసా మూత విప్పుతున్నట్టు లెన్స్ రింగు మెల్లగా తిప్పుతున్నాయి. మనిషి ముందుకొస్తుంటే రింగు తిరుగుతూనే ఉండాలి. లేకపోతే బొమ్మ అలుక్కుపోతుంది.

అయిదో చెయ్యి కదల్లేదు. గోధుమరంగు కోటువాడిది. అన్నయ్య ఇరవై అడుగుల నుంచి ఆరడుగులకు వచ్చాడు. అయినా కదల్లేదు.

వాడికి కావాల్సింది ఫోటో కాదు.

"అన్నయ్యా, పడుకో!"

"ఏంటే?" అని అక్కడే నిలబడిపోయాడు ఆ మహానుభావుడు.

సూది మైకు స్టాండు విసిరింది. ఇనప కడ్డీ లెన్సుకు తగిలింది. ఢాం! తూటా అన్నయ్య కుడి చెవిని సగం ఎగరగొట్టింది. సూది కోటువాడి మీదికి దూకింది. వాడి మోచేయి తగిలి ఆమె పన్ను ఊడింది. వాడి మెడలోని కెమెరా పట్టానే మెలిపెట్టి బిగించింది. వాడు కాళ్లు కొట్టుకుని, నీలంగా మారి, వాలిపోయాడు.

"వదిలెయ్, సూదీ." గేటు దగ్గర్నుంచి ఎప్పుడొచ్చిందో, నెమలి పిస్టల్ అన్నయ్య కణతకు ఆనింది. "మూడేళ్లు మీ జీతం కూడా తిన్నాను. నీ మీద కోపం లేదు."

ఆమె వేలు ట్రిగ్గర్ మీద బిగుస్తోంది. శవం మెడలోని కెమెరాను సూది అలాగే పైకెత్తి, ఫిల్ము తిప్పే లివరు లాగింది. లోపల రెండో తూటా క్లిక్‌మని కూర్చుంది. మీట నొక్కింది. నెమలి నుదురు పగిలింది. పట్టు స్కార్ఫ్ ఎర్రగా తడిసింది.

అన్నయ్య రక్తం కారుతున్న చెవిని అదిమిపట్టుకుని, మైకు దగ్గర పదకొండు పేర్లు చదివాడు. ఆఖరి పేరయ్యాక కుర్చీల కింద నుంచి నాలుగు కెమెరాలు భయంభయంగా బయటికొచ్చాయి.

"అన్నాచెల్లెళ్లు ఒక్క అడుగు వెనక్కి జరగండి," అన్నాడు ముసలి ఫోటోగ్రాఫర్, రింగు తిప్పుతూ. "మరీ దగ్గరగా ఉన్నారు, ఫోకస్ అందట్లేదు."

సూది రక్తం ఉమ్మి, వెనక్కి జరిగింది.

"ఎడమవైపు నుంచి తీయండి," అన్నాడు అన్నయ్య.