అద్దం బల్ల మీద నాలుగో షీటు

కావలి స్టేషన్లో జీవానందం టీ కోసం దిగిన ఐదు నిమిషాల్లో హెబ్రోనును చంపేశారు. 1965 జూన్ నెల. బెజవాడ నుంచి నెల్లూరు వస్తున్న ఆ డిజైన్ ఇంజనీరుకు కాపలా ఉండాల్సిన సీక్రెట్ ఏజెంటు తనే. తిరిగి వచ్చేసరికి కంపార్టుమెంటులో శవం ఉంది, సంచిలో ఆయన గీసిన డిజైన్ షీటు లేదు.

ఆనాటి నుంచి జీవానందం టీ ముట్టలేదు.

తోటపల్లి గూడూరు తీరంలో తాటాకు షెడ్డు. అందులో 'ఆపరేషన్ తెప్ప': చప్పుడు లేకుండా అలలు దాటే గస్తీ బోటు. నలుగురు ఇంజనీర్లు తలో భాగం గీశారు. ఆ నాలుగు షీట్లనూ కింద లైటున్న అద్దం బల్ల మీద ఒకదానిపై ఒకటి పరిచి, అందరూ కలిసి తప్పులు వెతికేవారు. చివరికి చేపలు పట్టే పోలేరయ్య అలల సంగతి ఆలోచించి సరేనంటే, ప్రతి షీటు వెనకా తారుతో వేలిముద్ర వేసేవాడు. ఆ పద్ధతి పెట్టింది హెబ్రోనే; ముద్ర పడ్డాకే ఆఖరి దస్కతు ఆయన పెట్టేవారు.

ఆయన పోయాక ఆ బల్ల దగ్గరికి వెళ్లడానికి ఎవరికీ కాళ్లాడలేదు. ఎవరి భాగం వాళ్లు విడిగా చేయించుకున్నారు. ఆయన ఖాళీ స్టూలు దగ్గర పెన్సిలు తట్టిన చప్పుడు అందరికీ వినిపించేది. ఎవరూ పైకి అనేవారు కాదు.

పోయిన షీటును మూడో వారంలో తెచ్చింది ఏజెంట్ ఆనందకుమారి. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, లిప్‌స్టిక్‌లో కెమెరా. మనుబోలు బంగళాలో విదేశీ ముఠా పెట్టె పగలగొట్టి తెచ్చానంది. అందరూ నమ్మారు.

ఈ ఉదయం ట్రయల్. చుక్కాని పోలేరయ్యది, వెంట ఆరుగురు జవాన్లు. బోటు అలలు దాటింది.

షెడ్డులో టక్, టక్, టక్.

గుమ్మంలోంచి సముద్రం చూస్తున్న జీవానందం వెనక్కి తిరిగాడు. స్టూలు మీద ఎవరూ లేరు. ఒళ్లు జలదరించింది. అంతకంటే ఎక్కువగా సిగ్గేసింది. బల్ల లైటు వేసి నాలుగు షీట్లూ పరిచాడు. పొగగొట్టం సరిగ్గా పెట్రోలు ట్యాంకును రాసుకుంటూ పోతోంది! హెబ్రోను షీటు తిప్పి చూశాడు. మిగతా మూడింటికీ ఉన్న తారు మచ్చ దాని వెనక లేదు.

"బాగా దించారు, కుమారి గారూ. ముందువైపు మాత్రమే," అన్నాడు, గుమ్మం దగ్గర నిలబడ్డ ఆనందకుమారితో.

ఆమె చేతిలో పిస్టల్ మెరిసింది. "పది నిమిషాలు నడిస్తే పేలుతుంది. తొమ్మిది అయ్యాయి."

అతను స్టూలును ఎగదన్నాడు. అది ఆమె మోకాళ్లకు తగిలింది, తూటా కప్పులోకి పోయింది. బయటున్న గార్డులు వచ్చి ఆమెను పట్టుకునేలోగా జీవానందం ఒడ్డుకు పరిగెత్తి ఆగమని ఎర్ర సిగ్నల్ రాకెట్ వదిలాడు. పోలేరయ్య ఇంజను ఆపేశాడు. అప్పటికే ట్యాంకు మీది రంగు పొక్కులు తేలుతోంది.

తడి పంచె పిండుకుంటూ వచ్చాడు పోలేరయ్య. "ఎట్టా కనుక్కున్నారు సారూ?"

"నీ వేలిముద్ర లేదు, పోలేరయ్యన్నా."

"షీటు తిరిగొచ్చినాక నన్నెవురూ అడగనే లేదు గదా!"

జీవానందం కింద పడిన స్టూలు లేపి, బల్ల దగ్గర పెట్టి, నాలుగు షీట్లూ మళ్లీ చూడటానికి కూర్చోబోయాడు.

"ఆడ కూసోబాకండి సారూ," అన్నాడు పోలేరయ్య. "హెబ్రోను సారు ఇంకా దస్కతు పెట్టలా."