మాట వెనక గొంతు

కుర్చీలో ఇమ్మానుయేలు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తల చుట్టూ సన్నని వెండి తీగల టోపీ. స్పీకర్‌లో ఏ చప్పుడూ లేదు.

"ఆ రంగు తయారీ కిటుకు ఈయనకు ఎవరూ చెప్పలేదు," అంది డాక్టర్ హైమవతి. "తనకే తట్టింది."

"మెషిన్ సరిగ్గానే పనిచేస్తోందా?" అన్నాడు చక్రధర్.

అప్పటికి బెజవాడలో డాబాలన్నిటికీ చలువ రంగు వేస్తున్నారు. అది పూస్తే రోహిణి ఎండల్లో కూడా ఏసీ అక్కర్లేదు. మొదట అమ్మింది చక్రధర్ కంపెనీ. అక్కడ కెమిస్టుగా చేసిన ఇమ్మానుయేలు బయటికెళ్లి, లేత నీలంలో అదే చలువ రంగు ఇంకా బాగా తయారుచేశాడు. బాల్కనీలోకి వస్తే చక్రధర్‌కు ఆ నీలి డాబాలే కనబడేవి. ఆఖరికి అత్తగారు కూడా ఆ నీలమే వేయించుకుంది. ఆ పూట అతనికి అన్నం సయించలేదు. వ్యాపార రహస్యం దొంగిలించాడని కేసు వేశాడు. కోర్టు ఇద్దరినీ ట్రేసర్ పరీక్షకు పంపింది.

"ఒక మాట మన మెదడులోకి వచ్చేటప్పుడు చెప్పినవాళ్ల గొంతు కూడా దాంతోపాటే వస్తుంది," అని వివరించింది హైమవతి. "మాట గుర్తుంచుకుని గొంతు మరిచిపోతాం. మెదడు మాత్రం మరవదు. ఈ ట్రేసర్ ఆ గొంతును వెతుకుతుంది."

"అయితే నా తలలో చూడండి," అంటూ చక్రధర్ ఇమ్మానుయేలును లేపి ఆ కుర్చీలో కూర్చున్నాడు.

స్పీకర్‌లో లిఫ్ట్ తలుపు తెరుచుకున్న చప్పుడు వచ్చింది. తర్వాత ఇమ్మానుయేలు గొంతు: "సార్, ఆ ఆల్చిప్పల సున్నాన్ని పులిసిన గంజిలో నానబెట్టి చూద్దామా?"

చక్రధర్ కేసు వేసింది ఆ కిటుకు మీదే.

"మీరప్పుడు ఫోన్ చూసుకుంటున్నారు సార్, వినలేదనుకున్నాను," అన్నాడు ఇమ్మానుయేలు. "తర్వాత మీటింగ్‌లో మీరే ఆ మాటంటే, ఇద్దరికీ ఒకటే తట్టిందని సంబరపడ్డాను."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. చక్రధర్‌కు అదే మరీ కడుపుమంటగా ఉంది. తనను చూసి ఈ మనిషి ఒక్కసారైనా కుళ్లుకోలేదు.

"డాక్టర్‌గారూ, పూర్తిగా నాదే అయిన ఆలోచన ఒక్కటి చూపించండి."

ఆమె వెతికింది. కంపెనీ పేరు భార్య గొంతులో వచ్చింది. డబ్బా మూత డిజైన్ ఎవరో డ్రైవర్ గొంతులో వచ్చింది. చాలాసేపటికి ఏ గొంతూ లేని ఆలోచన ఒకటి దొరికింది. హైమవతి దాన్ని చదివి స్క్రీన్ అతని వైపు తిప్పింది.

"ఇమ్మానుయేలు దొంగ," అని ఉంది.